దశమభాగం తప్పకుండా ఇస్తూ అప్పుల్లో మునిగిన కుటుంబం: ఒక కేస్ స్టడీ

డబ్బు ఇబ్బందుల్లో ఉన్న క్రైస్తవ విశ్వాసుల కుటుంబాలతో కూర్చుని వాళ్ల లెక్కలు చూడటం నా పని. ఈ కేసు వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను, ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. అసలు మొత్తాలు కూడా ఇవ్వను. నెలకి చేతికొచ్చే ఆదాయాన్ని 100 అనుకుని మిగతావన్నీ ఆ కొలతలోనే చెబుతాను, మీ ఇంటి లెక్కతో పోల్చుకోవడానికి కూడా అదే తేలిక.

భార్య, భర్త, ఇద్దరు పిల్లలు, భర్త తల్లి. ఆయన జీతం 78, ఆవిడ పార్ట్‌టైమ్ పని నుంచి 22. ఇద్దరూ సంఘంలో బాధ్యతలు మోస్తున్నవాళ్లే. తాగుడు లేదు, జూదం లేదు, పెద్ద ఆడంబరం కూడా లేదు. దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు సంఘానికి ఇవ్వడం, ఏళ్లుగా ఒక్క నెల కూడా తప్పలేదు. అయినా అప్పు పెరుగుతూనే ఉంది. ఆయన వచ్చీ రాగానే అడిగింది ఒకటే: "బ్రదర్, దేవుడికి ఇచ్చేదాంట్లో ఎప్పుడూ లోటు చేయలేదు, మరి మాకు ఆశీర్వాదం ఎందుకు రావట్లేదు?" ఆవిడ ఆ రోజు దాదాపు ఏమీ మాట్లాడలేదు.

ఈ ప్రశ్నకి జనం దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మీ విశ్వాసం చాలలేదు, ఇంకా ఎక్కువ ఇవ్వండి అనేది ఒకటి. దశమభాగం ఆపేయండి, అన్నీ సర్దుకుంటాయి అనేది రెండోది. చెప్పేవాళ్లిద్దరూ లెక్కల పుస్తకం తెరిచి చూసి ఉండరు. నేను మాత్రం వాక్యం గురించి మాట్లాడే ముందు ఒక నెల పాటు ప్రతి ఖర్చూ రాసుకురమ్మన్నాను. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడిగింది (లూకా 14:28) శిష్యరికం గురించే, ఒప్పుకుంటాను, కానీ ఆ ఉదాహరణ పనిచేసేది కూర్చుని లెక్క చూసుకోవడం బుద్ధిమంతుల పని అని విన్నవాళ్లందరికీ తెలుసు కాబట్టే కదా.

నెల తర్వాత కాగితం మీద కనబడింది ఇది. అద్దె 18. ఇంటి సామాను, కరెంటు, నీళ్లు వగైరా 26. పిల్లల చదువు 11. ప్రయాణాలు, రెండు బళ్ల ఖర్చు 7. అమ్మగారి మందులు 4. దశమభాగం 10, సంఘ భవన నిర్మాణానికి మాటిచ్చిన ప్రత్యేక కానుక 5. పర్సనల్ లోన్ వాయిదా 16. క్రెడిట్ కార్డు మినిమం, అంటే నెలనెలా కట్టి తీరాల్సిన కనీస మొత్తం, 7. ఫోన్లు, బట్టలు, బహుమతులు, చెప్పుకోవడానికి పేరు లేని చిల్లర ఖర్చులు 9. కూడితే 113. వచ్చేది 100.

ఆ 13 ఎక్కడినుంచి వస్తోంది? కార్డు నుంచి. కార్డు మీద అప్పటికే 140 ఉంది, అంటే దాదాపు నెలన్నర ఆదాయం. వడ్డీ నెలకి 3 శాతం. వినడానికి చిన్నదే, కానీ చక్రవడ్డీ కలిపితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. వాళ్లు కడుతున్న 7లో 4.2 వడ్డీకే పోయేది, అసలు తగ్గేది 2.8 మాత్రమే, అదే నెలలో మళ్లీ 13 కొత్తగా ఎక్కేది. నెలకి 10.2 చొప్పున కార్డు బాకీ పెరుగుతుంటే ఏడాది తిరిగేసరికి ఇంకో నెల ఆదాయం కంటే ఎక్కువే తోడవుతుంది. ఆయనకి ఇది తెలియదు. "మినిమం ఎప్పుడూ టైంకి కడుతున్నాను కదా" అన్నారు, నిజంగానే అమాయకంగా.

కార్డు కాక ఇంకో మూడు ఉన్నాయి. పర్సనల్ లోన్ బాకీ 300, ఏడాదికి 14 శాతం వడ్డీ. సంఘంలోనే ఒక పెద్దాయన దగ్గర వడ్డీ లేకుండా తీసుకున్న చేబదులు 60, ఆరు నెలల్లో ఇస్తానని తీసుకుని రెండేళ్లు దాటింది. ఆపైన ఒక స్నేహితుడి లోనుకి ఈయన పెట్టిన హామీ సంతకం, అందులో బాకీ 90. ఆ చేబదులు ఇంత ఉందని గానీ, హామీ సంతకం ఒకటుందని గానీ ఆవిడకి నా ముందు కూర్చున్నాకే తెలిసింది. ఆ రోజు లెక్కలు అక్కడితో ఆపేశాం. భర్త దాచిన అప్పు బయటపడిన రోజున బడ్జెట్ గురించి మాట్లాడితే ఎవరి చెవికీ ఎక్కదు, వాళ్లిద్దరూ ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. తిరిగి రావడానికి రెండు వారాలు పట్టింది, వచ్చినప్పుడు మాత్రం ఆవిడే పుస్తకం పట్టుకుని వచ్చారు.

ఇక ఈ కేసులో అసలు ముడి దగ్గరికి వద్దాం.

ముందు ఒక చిన్న లెక్క వేసి చూపించాను. కానుకలన్నీ, అంటే 15కి 15 ఆపేస్తే ఖర్చు 98కి దిగుతుంది. మిగిలేది 2. ఆ 2ని మినిమం 7తో కలిపి 9 కార్డుకి కట్టినా మొదట్లో 4.2 వడ్డీకే పోతుంది, 140 బాకీ తీరడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది, మిగతా బాకీలకి ఏమీ మిగలదు. కాబట్టి దశమభాగం వల్లే మునిగిపోయారన్నది తప్పు. అలాగే ఇంకా ఎక్కువ ఇస్తే తేలతారన్నదీ తప్పే, ఎందుకంటే ఇచ్చే ప్రతి అదనపు భాగమూ నెలకి 3 శాతం వడ్డీకి తెచ్చి ఇచ్చేదే. ఇది చూశాక ఆయన కాసేపు మౌనంగా ఉండి, ఈ మధ్య కానుక ఫోన్ నుంచి కార్డు మీదే పంపిస్తున్నానని చెప్పారు. అంటే దేవుడికిచ్చే డబ్బు బ్యాంకుది, దాని వడ్డీ కట్టేది ఇల్లు. ఎంత ఇస్తున్నాం అన్న చర్చ అక్కడ పక్కకి పోయింది. ఎవరి డబ్బు ఇస్తున్నాం అన్నదే ప్రశ్న అయింది.

ఆవిడ అప్పుడు కీర్తనలు 37:21 తెరిచి చదివారు, "భక్తిహీనులు అప్పుచేసి తీర్చకయుందురు" అని. కోపంగా కాదు, చాలా నెమ్మదిగా. చేబదులిచ్చిన పెద్దాయన ఆరాధనలో వీళ్లకి రెండు వరసల వెనకే కూర్చుంటారట. ఆయన ఎదురుపడతారేమోనని ఈయన కొన్నాళ్లుగా ఆలస్యంగా వెళ్లి, చివరి ప్రార్థన అయ్యీ అవ్వకుండానే బయటికి వచ్చేస్తున్నారు. పిల్లలు కూడా గమనించారు. అదే ఆరాధనలో కానుక మాత్రం ఠంచనుగా వేస్తున్నారు. అప్పిచ్చినవాడికి అప్పు చేసినవాడు దాసుడని సామెతలు 22:7 చెప్పేది వడ్డీ గురించే అనుకుంటాం గానీ, వడ్డీ లేని అప్పు కూడా మనిషిని ఇలా తలుపు వెనక నిలబెట్టేస్తుంది.

రెండో సంగతి ఇంకా బరువైనది. అమ్మగారికి కంటి ఆపరేషన్ చేయించాలి, డబ్బు లేక రెండుసార్లు వాయిదా వేశారు. భవన నిర్మాణం కానుక మాత్రం ఒక్కసారీ వాయిదా పడలేదు. మార్కు 7వ అధ్యాయంలో తల్లిదండ్రులకి ఉపయోగపడాల్సినదాన్ని కొర్బాను అనేసి, అంటే దేవుడికి అర్పించేశామని చెప్పి చేతులు దులుపుకునేవాళ్లని యేసు గట్టిగా తప్పుపట్టాడు. నేను ఆ భాగాన్ని వాళ్లతో కలిసి చదివాను, వ్యాఖ్యానం ఏమీ చేయలేదు. 1 తిమోతి 5:8 కూడా చదివాం, సొంత ఇంటివాళ్లని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడు అనే మాట. ఆయన కళ్లు తుడుచుకున్నారు. నాకు నిజానికి ఇలాంటి చోట జాలి కన్నా ఎక్కువ కోపం వస్తుంది, ఈయన మీద కాదు, కానుక గురించి ఏళ్ల తరబడి విన్నా ఈ రెండు వాక్యాలు ఈయన చెవిన పడకపోవడం మీద. దశమభాగం మందిరానికి తెమ్మనే మలాకీ 3:10 మనందరికీ కంఠతా వచ్చు. అదే అధ్యాయంలో ఐదు వచనాలు పైకి వెళితే కూలివాడి జీతం దగ్గర, విధవరాలి దగ్గర, తండ్రిలేనివాడి దగ్గర అన్యాయం చేసేవాళ్ల మీద దేవుడు సాక్ష్యం చెబుతానంటాడు. పదో వచనం ప్రసంగించేవాళ్లు ఐదో వచనం కూడా ప్రసంగించాలి.

మరి దశమభాగం తగ్గించవచ్చా? దీనిమీద సంఘాల్లో ఒకే మాట లేదు, నేను తీర్పు చెప్పేవాణ్ణీ కాదు. ధర్మశాస్త్రంలో దశమభాగం ఆజ్ఞ. కొత్త నిబంధనలో సంఘాలకి పౌలు రాసిన చోట శాతం కనబడదు. వర్ధిల్లిన కొలది తీసిపెట్టమన్నాడు (1 కొరింథీ 16:2), సణుగుకోకుండా, బలవంతం లేకుండా, మనసులో నిశ్చయించుకున్న ప్రకారం ఇమ్మన్నాడు (2 కొరింథీ 9:7). ఆ ముందు అధ్యాయంలోనే, ఉన్నదాన్ని బట్టి ఇస్తేనే అది ప్రీతికరం, లేనిదాన్ని బట్టి కాదు అన్నాడు (8:12). కార్డు మీద ఇచ్చేది లేనిదాన్ని బట్టి ఇచ్చేదే కదా. ఇంకోవైపు, ఆయన మనస్సాక్షి పది కంటే తగ్గించడానికి ఒప్పుకోకపోతే బలవంతంగా తగ్గించడం కూడా సరికాదు, రోమా 14 అధ్యాయం మొత్తం ఆ సంగతే. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్పాను: బాకీలు తీరేవరకు 5 చాలు, అది కూడా చేతిలో ఉన్న డబ్బుతోనే, జీతం వచ్చిన రోజునే. ఆయన 10 అన్నారు, ఆవిడ 4 అన్నారు. చివరికి 6 దగ్గర ఆగారు. ఆ అంకెలో వేదాంతం ఏమీ లేదు, ఇద్దరూ కలిసి ప్రార్థించుకుని ఇద్దరూ ఒప్పుకున్న అంకె అది, నాకు అంతే చాలు.

భవన నిర్మాణం కానుక వేరే చిక్కు. అది అందరి ముందూ చెప్పిన మాట, మొక్కుబడి లాంటిది. మొక్కుకుని తీర్చకపోవడం కంటే మొక్కుకోకపోవడం మేలని ప్రసంగి 5:5 అంటుంది, అందుకే ఆయనకి నిద్ర పట్టట్లేదు. నేను చెప్పింది ఒకటే, మీరే వెళ్లి పాస్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పండి అని. సగం నిజం చెప్పొద్దని కూడా అన్నాను. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు చెప్పిన అననీయ సప్పీరాల కథలో పేతురు తప్పుపట్టింది తక్కువ ఇచ్చినందుకు కాదు, అబద్ధమాడినందుకు: "పొలం మీది, అమ్మిన సొమ్మూ మీ చేతిలోనే ఉంది, మరి అబద్ధం ఎందుకు" అని. పాస్టర్ గారు అంతా విని, గడువు తీసేశారు. మిగిలిన మొత్తం వీలైనప్పుడు, వీలైనంత, అమ్మగారి ఆపరేషన్ అయ్యాకే అన్నారు. ఇలాంటి జవాబు ప్రతిచోటా దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. దొరకనప్పుడు కూడా తల్లి కన్ను ముందు, భవనం తర్వాత.

ప్లాన్ ఇలా వేసుకున్నాం. కార్డు మీద కొత్త ఖర్చు సున్నా, ఫోన్‌లోంచి కూడా కార్డు వివరాలు తీసేశారు. రెండు బళ్లలో ఒకటి అమ్మితే 70 వచ్చింది. అందులో 12 కంటి ఆపరేషన్‌కి, 8 అత్యవసరానికి పక్కన, మిగిలిన 50 కార్డుకి, దాంతో కార్డు బాకీ 90కి దిగింది. పక్కన పెట్టిన ఆ 8 గురించి కాస్త వాదన జరిగింది. రేపటి గురించి చింతించవద్దని మత్తయి 6:34 ఉంది కదా, దాచుకోవడం అవిశ్వాసం కాదా అని ఆయన. యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరాల్లో ఐదో వంతు నిలవ చేయించింది కూడా దేవుడు చూపించిన దాన్ని బట్టే కదా అని నేను. లూకా 12లో ధనవంతుడు వెర్రివాడయింది కొట్లు కట్టినందుకు కాదు, తనకోసమే సమకూర్చుకుని దేవుని విషయంలో ధనవంతుడు కానందుకు. పైగా ప్రాక్టికల్‌గా చూస్తే, చేతిలో ఏ నిల్వా లేని ఇల్లు పిల్లాడికి జ్వరం వచ్చినా మళ్లీ కార్డు దగ్గరికే వెళుతుంది.

నెల ఖర్చులు: ఇంటి సామాను 26 నుంచి 22, ప్రయాణాలు 7 నుంచి 4, చిల్లర 9 నుంచి 5. అద్దె, చదువు, మందులు, లోన్ వాయిదా అలాగే. కానుక 6. మొత్తం 86, మిగిలేది 14. ఈ తగ్గింపుల గురించి ఎక్కువ రాయను, ఎక్కడ తగ్గించాలో ప్రతి ఇంటి ఆడవాళ్లకీ నాకంటే బాగా తెలుసు, అడిగేవాళ్లే ఉండరు.

ఆ 14 ఎటు? లెక్క ప్రకారమైతే వడ్డీ ఎక్కువున్న కార్డుకే మొత్తం వెళ్లాలి, వడ్డీ లేని చేబదులు ఆఖరున. నేను 10 కార్డుకి, 4 పెద్దాయనకి అన్నాను. దీనివల్ల కార్డు వడ్డీ కొంచెం ఎక్కువ పడుతుంది, అది తెలిసే చెప్పాను. నీ చేతిలో ఉండగా పొరుగువాడితో రేపు రమ్మనవద్దని సామెతలు 3:28 అంటుంది. రెండేళ్లు మొహం చాటేసిన మనిషి ప్రతి నెలా ఒకటో తారీఖున చిన్న మొత్తమైనా పట్టుకుని వెళ్లి చేతిలో పెడితే, అక్కడ మరమ్మతయ్యేది బాకీ ఒక్కటే కాదు. మొదటిసారి ఇద్దరూ కలిసి వెళ్లారు. పెద్దాయన డబ్బు తీసుకుని, "ఎందుకు దాక్కున్నావయ్యా, ఒక్క మాట చెబితే సరిపోయేది కదా" అన్నారట.

మొదటి నాలుగు నెలలు అనుకున్నట్టే నడిచింది, మధ్యలో ఆయన ఖర్చులు రాయడం మానేశారు, ఆవిడ మళ్లీ మొదలుపెట్టించారు. ఐదో నెల నుంచి ఆవిడ పని గంటలు పెంచుకున్నారు, 4 అదనంగా వచ్చింది, అది నేరుగా కార్డుకి. ఆరో నెలలో దెబ్బ పడింది. స్నేహితుడు వాయిదాలు కట్టడం మానేశాడు, అప్పిచ్చినవాళ్లు హామీదారుడైన ఈయన్ని పట్టుకున్నారు, నెలకి 5. హామీ సంతకం పెట్టడమంటే మాటసాయం కాదు, ఆ అప్పు మనమే చేసినట్టు లెక్క. ఇది సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవరు. సామెతలు 6లో దీనికి చాలా సూటి సలహా ఉంది: చెలికాడికి పూచీపడి చిక్కుకున్నావా, నిద్రపోకు, వెళ్లి వాణ్ణి బతిమాలు, వేటగాడి చేతిలోంచి జింక తప్పించుకున్నట్టు తప్పించుకో. ఈయనకి మొహమాటం. నేను ఈ ఒక్క విషయంలో బాగా ఒత్తిడి చేశాను. వెళ్లారు, రెండుసార్లు ఉత్తి చేతులతో వచ్చారు, మూడోసారి స్నేహితుడు తన వస్తువు ఒకటి అమ్మి వాయిదాలు మళ్లీ మొదలుపెట్టాడు. ఈలోపు మూడు నెలలు ఆ 5 వీళ్లే కట్టారు, కార్డుకి వెళ్లాల్సిన దాంట్లోంచి. పక్కన పెట్టిన 8 ముట్టుకోలేదు. ఇకమీద ఎవరికీ సంతకం పెట్టకూడదని, కష్టంలో ఉన్నవాళ్లకి ఇవ్వగలిగినంత ఉచితంగానే ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. నాకు ఇది చాలా నచ్చింది. సంతకం పెడితే రేపు ఎంత పోతుందో తెలియదు. చేత్తో ఇచ్చిందానికి కొలత ఉంటుంది, స్నేహమూ చెడదు.

పదో నెలలో కార్డు బాకీ సున్నా అయింది. హామీ గొడవ లేకపోతే తొమ్మిదో నెలలోనే అయ్యేది. ఆ నెల మిగిలిన 3, పదకొండో నెల చేతిలో ఉన్న 18 కలిపి పెద్దాయన బాకీ కూడా తీరిపోయింది. ఆపరేషన్ రెండో నెలలోనే అయింది, అమ్మగారు ఇప్పుడు బైబిల్ సొంతంగా చదువుకుంటున్నారు.

ఫలితం గురించి ఒక జాగ్రత్త మాట. వీళ్లకి ఎక్కడినుంచీ ఊహించని డబ్బు రాలేదు. ప్రమోషన్ రాలేదు, ఎవరూ అప్పు మాఫీ చేయలేదు. ఇలాంటి కథలు సాక్ష్యంగా చెప్పేటప్పుడు "ఇలా చేశాం, దేవుడు రెండింతలు ఇచ్చాడు" అని ముగించడం అలవాటైపోయింది, ఆయన కూడా మొదట అలాగే చెప్పబోయారు. ఆవిడే ఆపారు. బండి అమ్మాం, తక్కువ ఖర్చు పెట్టాం, నేను ఎక్కువ గంటలు పనిచేశాను, ఇవన్నీ చేయడానికి దేవుడు బలమిచ్చాడు, అలాగే చెప్పండి అన్నారు. ఉద్యోగం పోయిన ఇంట్లో, పెద్ద జబ్బు వచ్చిన ఇంట్లో ఈ ప్లాన్ పనిచేయదు. అక్కడ తగ్గించుకోవడానికే ఏమీ ఉండదు, అలాంటి చోట సంఘమే ముందుకొచ్చి ఇవ్వాలి, వాళ్ల దగ్గర కానుక ఆశించకూడదు.

ఇప్పుడు నెలకి వచ్చేది 104. పాత ఖర్చులు 86 పోను మిగిలే 18లో 2 కానుకకి కలిపారు, అంటే 8 అయింది. 6 అత్యవసర నిధికి, మూడు నెలల ఖర్చు పోగయ్యేవరకు. మిగిలిన 10 పర్సనల్ లోన్‌కి అదనంగా. దాని బాకీ ఇప్పుడు సుమారు 154, నెలకి 16 చొప్పునే కడితే పదకొండు నెలలు పట్టేది, 26 చొప్పున కడితే ఏడు నెలల్లో అయిపోతుంది. ముందే కడితే ఏదైనా రుసుము పడుతుందేమో బ్యాంకులో రాతపూర్వకంగా అడగమన్నాను, ఆ జవాబు ఇంకా రాలేదు. ఆయనకి వచ్చే నెల నుంచే పూర్తి దశమభాగానికి వెళ్లాలని ఉంది. లోన్ తీరాకే అని ఆవిడ. భవనానికి మాటిచ్చిన బాకీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఇద్దరికీ తెలియట్లేదు. ఈసారి కూర్చున్నప్పుడు తేల్చాల్సినవి ఈ రెండే.